1889 పారిస్ ప్రదర్శనలో ఫోనోగ్రాఫ్: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత రికార్డుల మీద నాకున్న పిచ్చి తెలిసినవాళ్లు అడిగే ప్రశ్నలు ఎక్కడ మొదలైనా తిరిగి తిరిగి పారిస్‌కే చేరుతుంటాయి. "ఈఫిల్ టవర్ కట్టిన ఏడాదే కదా జనం మొదటిసారి యంత్రం మాట్లాడటం విన్నది?" అనేది అందరూ అడిగేదే. సగం నిజం, సగం పొరపాటు. అడిగిన ప్రతివారికీ విడివిడిగా చెప్పడం కంటే ఒకచోట రాసిపెట్టడం మేలనిపించింది.

అసలు ఏ ప్రదర్శన ఇది? ఎంత పెద్దది?

ఫ్రెంచి విప్లవానికి నూరేళ్లు నిండిన సందర్భంగా 1889 మే 6 నుంచి అక్టోబరు 31 దాకా పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శన ఇది. ఆ ఆరు నెలల్లో మూడు కోట్ల ఇరవై లక్షల మందికి పైగా చూశారని లెక్క. 300 మీటర్ల ఈఫిల్ టవర్‌ను కట్టింది దీనికోసమే. టవర్ మైదానానికి ఒక కొసన ఉంటే, రెండో కొసన యంత్రాల మందిరం ఉండేది. దాని పొడవు 420 మీటర్లు, వెడల్పు 115 మీటర్లు. అంత వెడల్పు కప్పుకూ మధ్యలో ఒక్క స్తంభం లేదు. 1909లో దాన్ని కూల్చడం మొదలుపెట్టారు. ఆ కాలపు ఇనుప కట్టడాల్లో నాకు టవర్ కంటే ఇదే గొప్పగా అనిపిస్తుంది, కానీ ఆ పోట్లాట ఇక్కడ వద్దు.

అమెరికా నుంచి వచ్చిన థామస్ ఎడిసన్ విభాగం ఈ మందిరంలోనే ఉండేది. ఆయన తరఫున దాన్ని నడిపింది విలియం హ్యామర్. 20,000 విద్యుద్దీపాలను పేర్చి ఒక మహా దీపాన్ని నిలబెట్టారు. దూరం నుంచి జనాన్ని రప్పించింది ఆ దీపమే. దగ్గరికొచ్చిన జనం వరుస కట్టింది మాత్రం మేజా మీద పెట్టిన ఒక చిన్న యంత్రం ముందు. గొంతును పట్టి తిరిగి వినిపించే ఫోనోగ్రాఫ్ అది.

జనం ఫోనోగ్రాఫ్‌ను చూడటం అదే మొదటిసారా?

కాదు. ఎడిసన్ ఫోనోగ్రాఫ్ పుట్టింది 1877 డిసెంబరులో. ఆయన గీసి ఇచ్చిన బొమ్మను బట్టి తయారుచేసింది జాన్ క్రూసీ అనే పనివాడు. 1878 మార్చి 11న దాన్ని పారిస్‌లోనే, ఫ్రెంచి సైన్సు అకాడమీలో వినిపించారు. అదే ఏడాది జరిగిన పారిస్ ప్రదర్శనలోనూ అది ఉంది. అంటే 1889 నాటికి పారిస్ వాళ్లకు ఈ సంగతి పదకొండేళ్ల పాతది.

అకాడమీ గురించి ఒక కథ ఉంది. యంత్రం మాట్లాడగానే బుయో అనే వృద్ధ వైద్యుడు లేచి, ఇది పెదవులు కదపకుండా మాట్లాడే గారడీ అంటూ యంత్రం తిప్పుతున్న మనిషి మెడ పట్టుకున్నాడట. ఖగోళ శాస్త్రవేత్త ఫ్లమ్మారియన్ రాసిన ముచ్చట ఇది. ఫ్లమ్మారియన్ కథ చెప్పడంలో దిట్ట కాబట్టి మెడ సంగతి పాఠకుల విజ్ఞతకే వదిలేస్తున్నాను.

మరి 1889లో అంత సంచలనం దేనికి?

1878 యంత్రం ఒక వింత వస్తువు. 1889 యంత్రం పనికొచ్చే వస్తువు. తేడా అంతా గొంతును ఎక్కడ గీస్తున్నారు అన్నదాంట్లోనే ఉంది.

మొదటి యంత్రంలో గాడి చెక్కిన ఇత్తడి గొట్టం మీద తగరపు రేకు చుట్టేవారు. చేత్తో తిప్పుతూ అరిస్తే, సూది ఆ రేకును గాడిలోకి నొక్కుతూ పోయేది. మళ్లీ తిప్పితే మాట తిరిగి వచ్చేది. కానీ రేకు మెత్తన. నాలుగైదుసార్లు వినేసరికి నొక్కులన్నీ చదునైపోయేవి. గొట్టం మీంచి తీస్తే మళ్లీ అదే చోట అతకదు. తిప్పే చేతి వేగం ఒక్కలా ఉండదు కాబట్టి పాడిన మనిషి ఒకసారి పిల్లాడిలా, ఇంకోసారి ముసలాడిలా వినిపించేవాడు.

1888 జూన్‌లో ఎడిసన్ పూర్తి చేసిన కొత్త యంత్రంలో రేకు పోయి మైనపు గొట్టం వచ్చింది. సూది నొక్కడం మానేసి చెక్కడం మొదలుపెట్టింది. తిప్పడానికి బ్యాటరీతో నడిచే మోటారు వచ్చింది. గొట్టాన్ని యంత్రం మీంచి తీసి పెట్టెలో పెట్టుకోవచ్చు, కావలసినప్పుడు మళ్లీ తొడగవచ్చు. వినడం అయ్యాక దాని ముఖాన్ని పలచగా గొరిగేస్తే కొత్త పలక సిద్ధం. ఈ గొరగడం అన్న సదుపాయమే ఎన్ని గొంతుల్ని మింగేసిందో తర్వాత వస్తుంది.

కొంచెం దగ్గరగా చూపించగలరా? మైనం మీద గొంతు ఎలా ఉంటుంది?

ఒక కాగితాన్ని పెదవులకు అంగుళం దూరంలో పట్టుకుని "మామిడి" అనండి. అంచులు పట్టుకున్న వేళ్లకు సన్నటి జల్లు తెలుస్తుంది. ఫోనోగ్రాఫ్‌లో ఆ కాగితం స్థానంలో పలచటి గాజు బిళ్ల ఉంటుంది, దాని వెనక చిన్న ఉలి. బిళ్ల వణికినప్పుడు ఉలి మైనంలోకి ఒకసారి లోతుగా, ఒకసారి పైపైన దిగుతుంది. అంటే మిట్టా పల్లం. తర్వాత వచ్చిన గ్రామఫోన్ ప్లేటు మీద గీత పక్కలకు ఊగుతుంది, ఈ గొట్టం, అంటే సిలిండరు మీద మాత్రం కిందికీ పైకీ ఊగుతుంది.

లెక్క చూడండి. గొట్టం వ్యాసం రెండుంబావు అంగుళాలు, పొడవు నాలుగుంబావు. అంగుళానికి 100 గీతలు, అంటే గీతకూ గీతకూ మధ్య పావు మిల్లీమీటరు. నిమిషానికి 120 చుట్లు తిరిగితే సూది కింద సెకనుకు దాదాపు 36 సెంటీమీటర్ల మైనం నడుస్తుంది. గొంతు సెకనుకు 200 సార్లు కంపిస్తోందనుకుంటే ఒక్కో కంపనానికి దొరికే చోటు రెండు మిల్లీమీటర్ల కంటే తక్కువ. గొట్టం పూర్తయ్యేసరికి మూడు నిమిషాల పైచిలుకు. దీపం పక్కన వంచి చూస్తే గీతలు పట్టుచీర నేతలా తళతళలాడతాయి తప్ప, ఏది గొంతో ఏది మౌనమో కంటికి అంత తేలిగ్గా అందదు.

మైనం అంటున్నాం గాని, నిజానికి అది సబ్బుకు చుట్టం. కొవ్వు ఆమ్లాన్ని లోహపు లవణాలతో ఉడికించి పోసిన ముద్ద. తేనెమైనంలా మెత్తగా ఉంటే సూది కిందే కరిగిపోయేది.

ఇందులో గొంతును పెద్దది చేసే విద్యుత్తు ఎక్కడా లేదు. మోటారు గొట్టాన్ని తిప్పడానికి మాత్రమే. గొంతును చెక్కింది మనిషి ఊపిరి బలమే. అందుకే పాడేవాళ్లు యంత్రపు బాకాలోకి తల పెట్టినంత పని చేసి అరిచేవారు. స, శ లాంటి ఊదుడు అక్షరాలు యంత్రానికి అసలు దొరికేవి కావు. తాను నెలల తరబడి "స్పీషా, స్పీషా" అని చెబుతుంటే అది "పీషా, పీషా" అని బదులిచ్చేదని ఎడిసనే చెప్పుకున్నారు. మన సన్నజాజి దాని నోట అన్నజాజి అయ్యేదన్నమాట.

వరుసలో నిలబడ్డవాళ్లు ఎలా వినేవారు?

చెవి గొట్టాలతో. వైద్యుల స్టెతస్కోపు లాంటివే. యంత్రం నుంచి ఒక రబ్బరు గొట్టం బయలుదేరి కొమ్మలుగా చీలేది. ఒక్కో కొమ్మ ఒక్కొక్కరి రెండు చెవుల్లోకి. అలా ఒక యంత్రం చుట్టూ ఐదారుగురు ఒకేసారి వినేవారు. గదిలో నిలబడ్డ మిగతావాళ్లకు వినిపించేది మందిరంలోని ఇతర యంత్రాల హోరే.

ఆనాటి చిత్రాల్లో నాకు ఇష్టమైనది ఈ దృశ్యమే. టోపీలు పెట్టుకున్న పెద్దమనుషులు, పొడుగు గౌన్ల స్త్రీలు మేజా చుట్టూ ముందుకు వంగి, చెవుల్లో గొట్టాలు పెట్టుకుని, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా ఎవరికి వారు నవ్వుతుంటారు. ఇప్పుడు బస్సుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్లను చూసి విసుక్కునే పెద్దవాళ్లకు చెబుతుంటాను, ఈ జబ్బుకు 130 ఏళ్లు దాటాయని.

వినిపించినవి రకరకాల భాషల్లో మాటలు, పాటలు, బ్యాండు సంగీతం. వచ్చినవాళ్ల గొంతు పట్టి అప్పటికప్పుడే వాళ్లకు వినిపించడం కూడా ఉండేది. తన గొంతు తానే విన్న మనిషి "ఇది నాది కాదు" అనడం ఆనాటి నుంచీ ఉన్నదే.

గ్రాఫోఫోన్ అని ఇంకొకటి కనిపిస్తుంది. అచ్చుతప్పా?

అచ్చుతప్పు కాదు, పోటీదారు. మైనం వాడాలన్న ఆలోచన నిజానికి వాళ్లదే. టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్‌కు 1880లో ఫ్రెంచి ప్రభుత్వం ఇచ్చిన వోల్టా బహుమతి 50,000 ఫ్రాంకులు. ఆ డబ్బుతో వాషింగ్టన్‌లో పెట్టిన ప్రయోగశాలలో ఆయన దాయాది చిచెస్టర్ బెల్, చార్లెస్ సమ్నర్ టెయింటర్ కలిసి మైనం పూసిన అట్టగొట్టం మీద చెక్కే పద్ధతి కనిపెట్టారు. పేటెంట్లు 1886 మే 4న వచ్చాయి. ఫోనోగ్రాఫ్ అన్న పేరునే తిరగేసి గ్రాఫోఫోన్ అన్నారు. వాళ్లు కలిసి పనిచేద్దామని వస్తే ఎడిసన్ ఒప్పుకోలేదు. పదేళ్లు మూలన పడేసిన తన బిడ్డను హఠాత్తుగా మళ్లీ ఎత్తుకున్నారు. పట్టుదల కొంత, ఉక్రోషం కొంత అని నా అనుమానం.

పారిస్ ప్రదర్శనకు టెయింటర్ కూడా తన యంత్రంతో వచ్చారు. ఫ్రెంచి ప్రభుత్వం ఆయనకూ ఒక బిరుదు ఇచ్చింది. జనానికి మాత్రం గుర్తున్నది ఎడిసన్ పేరే. ప్రచారంలో ఆయనకు సాటి వచ్చేవారు ఆనాడు లేరు.

ఎడిసన్ స్వయంగా వచ్చారా?

ఆగస్టులో భార్య మీనాతో కలిసి వచ్చారు. విందులు, సన్మానాలు, ఫ్రాన్సు అత్యున్నత పురస్కారమైన లీజియన్ ఆఫ్ ఆనర్‌లో కమాండర్ హోదా. సెప్టెంబరు 10న టవర్ ఎక్కి అతిథుల పుస్తకంలో సంతకం చేశారు. గుస్తావ్ ఈఫిల్‌కు ఒక ఫోనోగ్రాఫ్ బహూకరించారు. ఇప్పుడు టవర్ కొసన ఉన్న చిన్న గదిలో వాళ్లిద్దరి బొమ్మలు కనిపిస్తాయి. బొమ్మలు కూడా మైనంవే.

టెలిఫోనులో సంగీత నాటకం వినిపించారట, అదీ ఇదీ ఒకటేనా?

కాదు. అది క్లెమాఁ ఆడెర్ పద్ధతి. 1881లో పారిస్ విద్యుత్ ప్రదర్శనలో మొదలైంది. రంగస్థలం మీద పెట్టిన మైకుల నుంచి తీగల ద్వారా అప్పుడు పాడుతున్న పాటే వినిపించేది. నిల్వ ఉండదు. రేడియోకు ముత్తాత అనుకోండి. 1889లో ఇదీ ఉండటంతో చాలా రాతల్లో రెండూ కలగాపులగం అయ్యాయి.

ఫోనోగ్రాఫ్‌ను ముందు కనిపెట్టింది ఫ్రెంచివాడేనని ఒకచోట చదివాను. నిజమేనా?

ఇద్దరున్నారు. ఇద్దరి కథలూ మనసును మెలిపెట్టేవే.

మొదటివాడు ఎడ్వార్ లియోఁ స్కాట్ ద మార్తెన్‌విల్. పారిస్ అచ్చుకూటాల్లో పనిచేసినవాడు. అచ్చుకు వచ్చిన ఒక శాస్త్ర గ్రంథంలో చెవి నిర్మాణం బొమ్మ చూసి, చెవిలాంటి యంత్రం చేస్తే మాట తనను తానే రాసుకుంటుంది కదా అనుకున్నాడు. 1857 మార్చి 25న పేటెంటు తీసుకున్నాడు. బాకా, చివర పొర, పొరకు ఒక వెంట్రుక, ఎదురుగా దీపపు మసి పట్టించిన కాగితం. మాట్లాడితే వెంట్రుక మసిలో అలలు గీస్తుంది. అంతే. దాన్ని తిరిగి వినిపించాలన్న ఆలోచన ఆయనకు లేనేలేదు. ఆయన కోరిక వినడం కాదు, చదవడం. గీతలు చూసి గొంతును చదువుకునే రోజు వస్తుందని నమ్మాడు. ఆ యంత్రాన్ని పారిస్‌లో పరికరాలు చేసే రుడాల్ఫ్ కోనిగ్ తయారుచేసి అమ్మాడు, 1862 లండన్ ప్రదర్శనకూ తీసుకెళ్లాడు. కాబట్టి ప్రపంచ ప్రదర్శనలో శబ్దాన్ని పట్టే యంత్రం మొదట కనిపించింది 1889లో కాదు, అంతకు 27 ఏళ్ల ముందే. మూగ యంత్రం కాబట్టి సందడి లేదు.

ఆ మసికాగితాల్లో 1860 ఏప్రిల్ 9 నాటిదొకటి ఉంది. 2008లో అమెరికా పరిశోధకులు దాని అలలను కంప్యూటర్‌తో శబ్దంగా మార్చారు. వెన్నెల వెలుగు గురించిన ఒక ఫ్రెంచి జానపద గీతం వినిపించింది. ఎవరో అమ్మాయి పాడిందని పత్రికలు రాశాయి. ఏడాది తిరిగేసరికి తెలిసింది, వేగం రెట్టింపు అయిందని. గొంతు పక్కనే స్కాట్ ఒక శ్రుతి దండం, అంటే కొడితే ఎప్పుడూ ఒకే వేగంతో కంపించే లోహపు కడ్డీ, కంపనాలను కూడా గీశాడు. ఆ కాలపు ఫ్రెంచివాళ్లు అటు ఒక ఊపును, ఇటు ఒక ఊపును వేర్వేరుగా లెక్కపెట్టేవారు. ఆ దండానికి వాళ్లు రాసుకున్న సెకనుకు 500 కంపనాలు మన లెక్కలో 250 అన్నమాట. వేగం సగం చేస్తే అమ్మాయి మాయమై, నెమ్మదిగా, జాగ్రత్తగా పాడుతున్న ఒక మగగొంతు మిగిలింది. బహుశా స్కాట్‌దే.

రెండోవాడు కవి షార్ల్ క్రో. గీసిన గీతను లోహంలోకి దింపి, అదే గీతలో ముల్లును నడిపిస్తే గొంతు తిరిగి వస్తుందని రాసి, 1877 ఏప్రిల్ 30న సీలు వేసిన కవరులో సైన్సు అకాడమీకి ఇచ్చాడు. కవరు తెరిచి చదివింది డిసెంబరు 3న. ఆ వారంలోనే ఎడిసన్ యంత్రం మాట్లాడింది. యంత్రం చేయించడానికి క్రో దగ్గర డబ్బు లేదు. 1888 ఆగస్టులో చనిపోయాడు. ఇంకొక్క ఏడాది బతికుంటే తానున్న పారిస్‌లోనే ఆ వరుసలో నిలబడి వినేవాడు.

ఎడిసన్ దీన్ని పాటల కోసమే చేశారా?

ఉత్తరాల కోసం. 1878లో ఒక పత్రికకు ఫోనోగ్రాఫ్‌తో చేయగల పనుల జాబితా రాసిచ్చినప్పుడు గుమాస్తా లేకుండా ఉత్తరం చెప్పుకోవడం మొదటి వరుసలో పెట్టారు. అంధులకు పుస్తకాలు, చనిపోతున్నవాళ్ల చివరి మాటలు, భాషల ఉచ్చారణను కాపాడటం కూడా అందులో ఉన్నాయి. సంగీతం నాలుగోది. 1888లో అమెరికాలో పెట్టిన కంపెనీ యంత్రాలను ఆఫీసులకు అద్దెకు ఇచ్చింది. ఆఫీసులు పెద్దగా ఇష్టపడలేదు.

పారిస్‌లో వరుస కట్టినవాళ్లలో ఉత్తరం చెప్పుకోవడానికి వచ్చినవారు ఒక్కరుంటారా! జనానికి కావలసిందేమిటో అక్కడే కళ్లకు కట్టింది. ప్రదర్శన ముగిసి నెల తిరగకముందే, 1889 నవంబరు 23న శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక మద్యశాలలో నాణెం వేస్తే పాట వినిపించే ఫోనోగ్రాఫ్ పెట్టారు. వ్యాపారం దారి పట్టింది అక్కడి నుంచే.

సంగీతం వైపు నుంచి చూసి భయపడ్డవారూ ఉన్నారు. లండన్‌లో 1888 అక్టోబరు 5న ఒక విందు తర్వాత స్వరకర్త ఆర్థర్ సలివన్ ఫోనోగ్రాఫ్‌లోకి మాట్లాడుతూ, ఈ అద్భుతానికి ఆశ్చర్యంతో పాటు భయమూ వేస్తోంది, ఎంత వికారమైన సంగీతం శాశ్వతంగా నిలిచిపోతుందో అన్నారు. ఆ మాటలు మైనంలో భద్రంగా ఉన్నాయి.

మరి పారిస్‌లో వినిపించిన ఆ సిలిండర్లు ఇప్పుడు వినొచ్చా?

నాకు అందరికంటే ఎక్కువగా బాధ కలిగించే ప్రశ్న ఇదే. అన్ని లక్షల మంది విన్నదాన్ని మనం వినలేం. వినిపించిన కొద్దీ మైనం అరిగింది. "అరిగిపోయిన రికార్డు" అని మనం తేలిగ్గా వాడే మాట అక్కడ రోజూ సాయంత్రానికి జరిగే పని. అరిగినదాన్ని గొరిగి ఇంకొకరి గొంతు ఎక్కించేవారు. ఒక సిలిండరు నుంచి వేల నకళ్లు తీసే పద్ధతి అప్పటికి లేదు. దాచిపెట్టాలన్న ధ్యాస అంతకంటే లేదు. ఆ యంత్రం గొప్పతనం జ్ఞాపకం పెట్టుకోవడమని ఊదరగొట్టిన చోటే, చెరిపేయడం దినచర్య అయింది.

మిగిలినవాటి కథ వేరే మనిషిది. పారిస్ యంత్రాలు సరిగా పలకడం లేదని 1889 వేసవిలో ఎడిసన్ తన ప్రయోగశాల నుంచి థియో వాంగెమన్‌ను పంపారు. జర్మనీలో పుట్టినవాడు, సంగీతం తెలిసినవాడు. పారిస్ పని ముగించి అతను యంత్రంతో జర్మనీ, ఆస్ట్రియా తిరిగాడు. అక్టోబరు 7న జర్మనీ ఛాన్సలర్ బిస్మార్క్ గొంతు పట్టాడు. బిస్మార్క్ ఇంగ్లీషు, జర్మన్, లాటిన్ పద్యాలు చదివి, కొడుక్కు అన్నింటా మితంగా ఉండమని సలహా చెప్పి, మధ్యలో ఫ్రాన్సు జాతీయగీతం పంక్తులు కూడా అన్నాడు. ఫ్రాన్సును ఓడించి సామ్రాజ్యం కట్టినవాడి నోట ఆ గీతం! వెక్కిరింపో సరదానో ఆయనకే తెలియాలి.

అక్టోబరు 21న సేనాపతి మోల్ట్‌కె. ఆయన పుట్టింది 1800లో. అంత ముందు పుట్టిన మనిషి గొంతు మరొకటి మనకు దొరకలేదు. ఎప్పుడో సమాధిలోకి వెళ్లిన మనిషి మళ్లీ గొంతెత్తి వర్తమానాన్ని పలకరించేలా చేస్తుంది ఈ యంత్రం, అన్నాడు అందులో. డిసెంబరు 2న వియన్నాలో స్వరకర్త బ్రాహ్మ్స్ పియానో. అది వినాలంటే ఓపిక కావాలి. కాగుతున్న నూనెలో ఆవాలు చిటపటలాడుతున్నట్టుంటుంది, వెనకాల ఎక్కడో పియానో పరుగెడుతుంటుంది. ఐదోసారికి నాకు రాగం దొరికింది.

బిస్మార్క్, మోల్ట్‌కె సిలిండర్లు అమెరికాలో ఎడిసన్ ప్రయోగశాలలో ఒక చెక్కపెట్టెలో ఉండిపోయాయి. 1957లో పెట్టె దొరికింది, పేర్లు లేవు. ఎవరి గొంతులో తేల్చి ప్రకటించింది 2012లో.

ప్రదర్శనకు జావా నుంచి సంగీత బృందం వచ్చింది కదా, ఎందుకు రికార్డు చేయలేదు?

జావా పల్లెను తలపించేలా కట్టిన చోట గమెలాన్ అనే కంచు గంటల మేళం వాయించేవారు. ఇరవై ఏడేళ్ల స్వరకర్త డెబుస్సీ అది విని ముగ్ధుడయ్యాడు. అదే ఆవరణలో రికార్డు చేసే యంత్రమూ ఉంది. రెండింటినీ కలపాలని పెద్దలకు తోచలేదు. వలస దేశాల మనుషులను చూడటానికే పిలిచారు తప్ప వినడానికి కాదు. ఆపైన, ఉలికి బలం చాలక కంచు గంటల మోతను ఆ మైనం ఎంత పట్టేదో కూడా అనుమానమే.

మరుసటి ఏడాది, 1890 మార్చిలో, జెస్సీ ఫ్యూక్స్ అమెరికా ఆదివాసుల పాటలు మైనం మీద పట్టాడు. 1893 షికాగో ప్రదర్శనలో బెంజమిన్ గిల్మన్ జావా, సమోవా, టర్కీ సంగీతకారులను, కెనడా ఆదివాసులైన క్వాకియూట్ల్ తెగవాళ్లను 101 సిలిండర్ల మీద రికార్డు చేశాడు. 1900లో పారిస్‌లోనే జరిగిన మరో ప్రపంచ ప్రదర్శనలో లియోఁ అజూలె అనే వైద్యుడు డెబ్బైకి పైగా భాషలు, మాండలికాల్లో నాలుగు వందల దాకా సిలిండర్లు నింపాడు. పదకొండేళ్లు ఆలస్యంగానైనా తెలివి వచ్చింది.

మా తాతగారి ఇంట్లో ఉన్నది ప్లేట్ల గ్రామఫోన్. అది కూడా ఆ ప్రదర్శనలోదేనా?

ఆ యంత్రానికి తండ్రి ఎమీల్ బెర్లినర్. 1887లో పేటెంటు, 1888 మేలో ఫిలడెల్ఫియాలో బహిరంగంగా చూపించడం. పారిస్ కబుర్లలో దాని ఊసు లేదు. చివరికి గెలిచింది ప్లేటే. అచ్చు వేసినట్టు వేల నకళ్లు తీయవచ్చు, అలమారలో నిలబెట్టవచ్చు, తర్వాతి కాలంలో రెండో వైపు కూడా పాట పెట్టవచ్చు. ప్లేటు ఫిరాయించడం అన్న మాట మనకు దొరికింది ఈ రెండో వైపు చలవేనని నా ఊహ. సిలిండరుకు రెండో వైపు లేదు. దానికి మాట మీద నిలబడటం తప్ప గత్యంతరం లేదు.

ఒకటి మాత్రం ప్లేటుకు చేతకాలేదు. ఇంట్లో సొంతంగా రికార్డు చేసుకోవడం. ప్లేటు వచ్చాక మనం వినేవాళ్లుగానే మిగిలిపోయాం, క్యాసెట్టు వచ్చేదాకా.

తెలుగు గొంతులు ఎప్పుడు చేరాయి ఇందులోకి?

సిలిండర్ల రోజుల్లో కాదు, ప్లేట్ల రోజుల్లో. 1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ మనిషి ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గాయని గౌహర్ జాన్ తదితరులను రికార్డు చేశాడు. మైనపు పలకలు ఓడలో జర్మనీలోని హానోవర్‌కు వెళ్లి ప్లేట్లుగా తిరిగి వచ్చేవి. గౌహర్ జాన్ పాట చివర తన పేరు ఇంగ్లీషులో చెప్పుకునేది అందుకేనంటారు, అక్కడి పనివాళ్లు చీటీ తప్పు అంటించకుండా. తర్వాతి కొద్ది సంవత్సరాల్లో కంపెనీవాళ్లు మద్రాసు వచ్చారు. అక్కడి విద్వాంసులు పాడేదే త్యాగరాజ కృతులు కాబట్టి దక్షిణాది తొలి ప్లేట్లలో తెలుగు సహజంగానే వచ్చి కూర్చుంది. పాడినవారిలో తెలుగు ఇంట్లో మాట్లాడనివారూ ఉన్నారు. వాళ్ల నోట మన మాట ఎంత స్పష్టంగా పలుకుతుందో వింటే ముచ్చటేస్తుంది.

ఇప్పుడు ఎక్కడ చూడొచ్చు, వినొచ్చు?

పారిస్‌లో ఆర్ ఏ మెతియే మ్యూజియంలో ఆ కాలపు యంత్రాలున్నాయి. అమెరికాలో న్యూజెర్సీలోని వెస్ట్ ఆరెంజ్‌లో ఎడిసన్ ప్రయోగశాలను జాతీయ స్మారకంగా కాపాడుతున్నారు. అక్కడివాళ్లు నడిపే వెబ్‌సైటులో బిస్మార్క్, మోల్ట్‌కె గొంతులు ఉచితంగా వినవచ్చు. గిల్మన్ షికాగో సిలిండర్లు అమెరికా జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి. మామూలు పాటల సిలిండర్లు వేల సంఖ్యలో కావాలంటే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం సాంతా బార్బరా శాఖ పెట్టిన సేకరణ వెతకండి. గదిలో ఫ్యాను ఆపి, మంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినండి.

పాత సామాన్ల దుకాణంలో మైనపు సిలిండరు దొరికింది. ఏం చేయాలి?

ముందు పట్టుకోవడం నేర్చుకోండి. బయటి ముఖాన్ని వేళ్లతో తాకకూడదు. చూపుడు వేలు, మధ్య వేలు గొట్టం లోపలికి పోనిచ్చి, కొంచెం విప్పార్చి, లోపలి నుంచి పట్టుకోవాలి. బలంగా విప్పారిస్తే గొట్టం పగులుతుంది, ఆ మైనం అంత పెళుసు. అరచేతి వేడి కూడా దానికి ఎక్కువే. తెల్లటి మచ్చలు కనిపిస్తే అది బూజు, మైనాన్ని తిని గీతల్ని గుంటలు చేస్తుంది. తుడవకండి, నీళ్లు తగలనివ్వకండి, ప్లేట్ల ఉక్కు ముల్లుతో వినే ప్రయత్నం అసలే చేయకండి. పొడిగా, చల్లగా ఉన్నచోట నిటారుగా నిలబెట్టండి. డబ్బా మూత మీద ఉన్న చేతిరాతను వెంటనే ఫోటో తీసుకోండి, సిలిండరు కంటే ముందు చెరిగిపోయేది అదే.